బ్లూ హౌస్ ఎవరి ఇల్లు?

నిరుడు జూన్‌లో ఒక నీలం టీషర్టు కోసం మా ఊరి బజారంతా తిరిగాను. మా అన్నయ్య కూతురిని అప్పుడే ఒక కొత్త ప్రైవేటు బడిలో చేర్చారు. శనివారాలు 'హౌస్' టీషర్టు వేసుకుని రావాలని డైరీలో రాసి పంపారు. దానిది బ్లూ హౌస్. ఎరుపు ఉంది, ఆకుపచ్చ ఉంది, పసుపు గుట్టలుగా పడి ఉంది. ఏడేళ్ల పిల్లకు సరిపోయే నీలం మాత్రం ఎక్కడా లేదు. చివరికి నాలుగో దుకాణంలో, పై అరలోంచి దుమ్ము దులిపి ఒకటి తీసిచ్చారు. ఇంటికి వచ్చాక అడిగాను, బ్లూ హౌస్ అంటే ఏమిటమ్మా అని. "ఇదే బాబాయ్" అంటూ టీషర్టు చూపించింది.

తప్పు పట్టడానికి లేదు. ఆ బడిలో ఆ మాటకు అంతకు మించి అర్థం లేదు. హాజరుపట్టీలో పిల్ల వరుస సంఖ్యను నాలుగుతో భాగించి, మిగిలిన అంకెను బట్టి రంగు పంచారు. బడి పెట్టి ఆరేళ్లయింది. అద్దెకు తీసుకున్న నాలుగంతస్తుల మేడ, ముందు రెండు బస్సులు మళ్లడానికి కూడా చాలని ఖాళీ స్థలం. హంగులకు మాత్రం లోటు లేదు. ఒక హెడ్ బాయ్, ఒక హెడ్ గర్ల్, నలుగురు హౌస్ కెప్టెన్లు. జూలైలో వాళ్ల ప్రమాణస్వీకారం: భుజం మీదుగా పట్టీలు, జేబుకు బ్యాడ్జీలు, చెయ్యి చాపి ప్రతిజ్ఞ. స్పోర్ట్స్ డే నాడు రంగుల వారీగా కవాతు, వందనం స్వీకరించడానికి ఊళ్లో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు. గేటు మీద డాలు ఆకారంలో ఒక చిహ్నం, అందులో పుస్తకం, దీపం, కింద ఒక లాటిన్ ముక్క. ఆ లాటిన్‌కు అర్థం ఏమిటని ఆఫీసులో అడిగితే, కరస్పాండెంట్ గారికి తెలుస్తుంది అన్నారు. బడి పేరు చివర 'పబ్లిక్ స్కూల్' అని ఉంది. ఫీజు చూస్తే మాత్రం అది పబ్లిక్ దరిదాపుల్లోకి వచ్చేది కాదు.

ఆరేళ్ల బడికి ఆరు వందల ఏళ్ల బడి వేషం ఎందుకు? నవ్వి వదిలేయవచ్చు. కానీ వీటిలో ఏదీ అలంకారం కోసం పుట్టలేదు. ఒక్కొక్కటి ఒకప్పుడు ఎవరో ఒక చిక్కు నుంచి బయటపడటానికి వేసిన ఉపాయం. చిక్కు పుట్టిన చోటే ఉండిపోయింది, ఉపాయం మాత్రం ఓడెక్కి, రైలెక్కి, ఊళ్లు తిరిగి మన బజారులో టీషర్టు రూపంలో తేలింది. ఆ దారి వెంట వెనక్కి వెళితే మధ్యలో డెహ్రాడూన్‌లో ఒక మజిలీ తగులుతుంది. ఎక్కువసేపు ఆగవలసింది అక్కడే. ముందు ఇంగ్లండు సంగతి కొంచెం చూద్దాం.

అద్దె గదుల కథ

విలియం ఆఫ్ వైకమ్ అనే బిషప్పు 1382లో వించెస్టర్ కళాశాలకు పునాది వేశాడు. ఆరో హెన్రీ రాజు దాన్ని చూసి 1440లో ఈటన్ పెట్టాడు. రెండింటిలోనూ 70 మంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు, వసతి. కలిగినవాళ్లు ఇంట్లోనే అయ్యవారిని పెట్టుకుని చదివించుకునే కాలం అది. ఆ ఇంటి చదువు కాకుండా, ఏ ఊరివాడైనా వచ్చి చేరగలిగే బడి కనుక ఇలాంటి వాటికి క్రమంగా 'పబ్లిక్' అన్న పేరు స్థిరపడింది. ప్రభుత్వం నడిపేదని ఆ మాటకు అర్థం కాదు. తర్వాతి శతాబ్దాల్లో డబ్బిచ్చి చదివే పెద్దింటి పిల్లలు నిండిపోయారు, పేదవాళ్లు మూలకు ఒదిగారు, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. అలా ఇంగ్లండులో పబ్లిక్ స్కూలంటే అందరికంటే ఖరీదైన ప్రైవేటు స్కూలు అయింది. మనం ఆ వాడుకనే తెచ్చుకున్నాం. అమెరికా వాళ్లు తెచ్చుకోలేదు, అక్కడ పబ్లిక్ స్కూలంటే సర్కారు బడే. డాలస్‌లో ఉన్న మనవడు పబ్లిక్ స్కూల్లో చదువుతున్నాడని ఇక్కడ నాయనమ్మ వీధిలో గొప్పగా చెప్పుకోవడం, అక్కడ కొడుకు తల గోక్కోవడం ఈ గందరగోళం నుంచి పుట్టిన ముచ్చటే.

ఇక 'హౌస్'. ఈటన్‌లో ఆ 70 మందికి కళాశాలలో చోటుంది. డబ్బిచ్చి చేరిన మిగతావాళ్లకు లేదు. వాళ్లు ఊళ్లో అద్దెకు దిగేవారు. ఆ ఇళ్లను నడిపిన ఇంటి యజమానురాళ్లను 'డేమ్' అనేవారు. మన దగ్గర ఇంటర్ చదవడానికి విజయవాడో హైదరాబాదో వెళ్లిన పిల్లలు ఫలానా ఆంటీ మెస్సులో ఉంటున్నామని చెప్పుకున్నట్టే, వాళ్లు ఫలానా అమ్మగారి ఇంట్లో ఉంటున్నామని చెప్పుకునేవారు. తరువాత ఆ ఇళ్లు మాస్టర్ల చేతికి వచ్చాయి. ఇంటిని చూసుకునే మాస్టరు హౌస్‌మాస్టర్ అయ్యాడు. ఒకే కప్పు కింద అయిదారేళ్లు పడుకుని, ఒకే బల్ల దగ్గర తిన్న పిల్లలకు పక్క ఇంటి పిల్లలతో పోటీ పుట్టడానికి ఎవరూ ప్రత్యేకంగా పూనుకోనక్కర్లేదు.

కెప్టెన్లు, లీడర్ల వెనక ఉన్న చిక్కు ఇంకా ముదురు. వందల మంది కుర్రాళ్లు, పిడికెడు మంది మాస్టర్లు, చేతిలో బెత్తం తప్ప అదుపు చేసే సాధనం లేదు. రగ్బీ బడిలో 1797లో విద్యార్థులు తిరగబడి హెడ్‌మాస్టరు గది తలుపును మందుగుండుతో పేల్చారు, అణచడానికి సైనికులు రావలసి వచ్చింది. వించెస్టర్‌లో 1818లో అదే కథ. 1828 నుంచి 1842 దాకా రగ్బీకి హెడ్‌మాస్టరుగా ఉన్న థామస్ ఆర్నల్డ్ ఒక పాత అలవాటును తీసుకుని దానికి సిద్ధాంతం తొడిగాడు. పై తరగతి కుర్రాళ్లకే చిన్నవాళ్ల మీద అధికారం ఇచ్చి, ఆ అధికారానికి నీతి బాధ్యత ముడిపెట్టాడు. దొంగ చేతికి తాళం ఇవ్వడం అన్నమాట. అది చాలావరకు పనిచేసింది. పనిచేయని చోట ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

ఏనుగెక్కి వచ్చిన విద్యార్థి

ఈ సరుకు మన దేశానికి మొదట రాజుల కోసం దిగింది. రాజ్‌కోట్‌లో రాజ్‌కుమార్ కళాశాల, అజ్మీర్‌లో 1875లో మేయో కళాశాల, లాహోరులో ఎచిసన్. సంస్థానాధీశుల కొడుకులను తెల్లవారి పద్ధతిలో తీర్చిదిద్దడం వాటి పని. మేయోకు మొదటి విద్యార్థిగా వచ్చిన ఆల్వార్ మహారాజా మంగళ్‌సింగ్ ఏనుగు మీద, గుర్రాలు, ఒంటెలు, నౌకర్ల పరివారంతో దిగాడు. అక్కడ కూడా హౌసులున్నాయి, కానీ ఒక్కో సంస్థానం తన పిల్లల కోసం తాను కట్టించుకున్న విడిది అది. జైపూరు వాళ్లు జైపూరు హౌస్‌లో, జోధ్‌పూరు వాళ్లు జోధ్‌పూరు హౌస్‌లో. ఇంటి నుంచి దూరంగా వచ్చినా ఎవరి కోటలో వాళ్లు ఉన్నట్టే. హైదరాబాద్ బేగంపేటలో 1923లో పుట్టిన జాగీర్దార్స్ కళాశాల కూడా ఈ కోవదే. జాగీర్దార్ల బిడ్డలకే ప్రవేశం. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఎవరి కోసమైతే పెట్టారో ఆ వర్గమే లేకుండా పోయింది. అప్పుడు తలుపులు అందరికీ తెరిచి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా పేరు మార్చుకుంది.

రాజుల పిల్లలకు బడులున్నాయి సరే, వకీళ్లు, వ్యాపారులు, ఉద్యోగుల పిల్లల మాటేమిటన్నది సతీశ్ రంజన్ దాస్ ప్రశ్న. కలకత్తాలో పేరున్న న్యాయవాది, మాంచెస్టర్ గ్రామర్ స్కూల్లో చదువుకున్నవాడు, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో న్యాయశాఖ సభ్యుడు. దేశబంధు చిత్తరంజన్ దాస్‌కు దగ్గరి బంధువు. ఒకాయన సహాయ నిరాకరణలో వకీలు గౌను విడిచేస్తే, ఇంకొకాయన వైస్రాయి కొలువులో కుర్చీ వేసుకున్నాడు. ఆయన పెట్టాలనుకున్న బడిని జాతీయవాదులు అనుమానంగా చూడటంలో వింత లేదు. తెల్లవాడి బడిని మళ్లీ తెల్లవాడి చేతనే నడిపించి, నల్ల దొరలను తయారు చేస్తారా అన్నది ఆ అనుమానం. దాస్ సమాధానం వేరుగా ఉండేది. అచ్చు వాళ్లది, అందులో పోసే లోహం మనది కావాలి. కులం, మతం, ప్రాంతం చూడకుండా పిల్లలు కలిసి ఉండి, కలిసి తిని, కలిసి ఆడుకునే చోటు దేశంలో ఒకటైనా ఉండాలి.

ఈ రెండో వాక్యం ఇప్పుడు చప్పగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో కులానికో వంటవాడిని, ఇంటి నుంచి తెచ్చుకున్న నౌకరును పెట్టుకుని చదివిన హాస్టళ్లను తలచుకుంటే అందులోని పదును తెలుస్తుంది. దాస్ ఊరూరా తిరిగి చందాలు పోగు చేశాడు. ఇండియన్ పబ్లిక్ స్కూల్స్ సొసైటీ ఏర్పడింది. 1928లోనే ఆయన చనిపోయాడు. బడి తలుపులు తెరుచుకున్నది ఇంకో ఏడేళ్లకు.

స్థలం కలిసొచ్చింది. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ 1929లో కొత్త భవనానికి తరలిపోవడంతో చాంద్‌బాగ్ అనే పాత ఆవరణ ఖాళీగా ఉంది. దాదాపు 70 ఎకరాలు, అడవి చదువు చదివినవాళ్లు ముచ్చటపడి పెంచిన చెట్లు. కొత్త బడికి పాత చెట్లు దొరకడం మామూలు అదృష్టం కాదు. మర్రి, ఓక్ లాంటివి ప్రమాణస్వీకారంతో మొలవవు కదా. హెడ్‌మాస్టరుగా ఈటన్‌లో సైన్సు చెప్పే ఆర్థర్ ఫుట్‌ను రప్పించారు. ఆయన వెంట, ఇంగ్లండులో ఇంకో పాత పబ్లిక్ స్కూలైన హారో నుంచి జాన్ మార్టిన్ వచ్చాడు. 1935 సెప్టెంబరు 10న 70 మంది పిల్లలతో డూన్ స్కూల్ మొదలైంది. వించెస్టర్, ఈటన్‌ల తొలి లెక్క కూడా డెబ్బయ్యే కావడం కాకతాళీయమే అనుకుంటాను. అక్టోబరు 27న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఫౌండర్స్ డే ఇప్పటికీ అక్టోబరులోనే జరుపుకుంటారు.

ఒక్క ఏడాదిలో సంప్రదాయం

ఫుట్ ముందున్న చిక్కు మా ఊరి కరస్పాండెంట్ గారి చిక్కు లాంటిదే. నిన్న పుట్టిన బడికి నేడు సంప్రదాయం కావాలి. ఇద్దరూ ఇంగ్లండు పెట్టెలోంచే తీసుకున్నారు. ఫుట్ మాత్రం తీసిన ప్రతి వస్తువునూ తిప్పి చూసి, ఇది ఇక్కడ దేనికి పనికొస్తుంది అని అడిగినట్టు కనిపిస్తుంది.

ఇంగ్లండు బడిలో పొద్దున్నే అందరూ చర్చిలో కూడతారు. డూన్‌లో హిందువులు, ముస్లిములు, సిక్కులు, పార్సీలు, క్రైస్తవులు. చర్చి కుదరదు, గుడీ కుదరదు, ఏమీ లేకుండా విడివిడిగా తరగతులకు పొమ్మంటే కలపాలన్న ఉద్దేశమే చెడుతుంది. కనుక మత ప్రార్థన స్థానంలో ఉదయ సభ పెట్టి, పాటలు పాడించారు. ఇక్బాల్ రాసిన 'లబ్ పే ఆతీ హై దువా' అక్కడ పిల్లల నోట నాటుకుంది. 'జన గణ మన'ను 1935లోనే పాఠశాల గీతంగా తీసుకున్నారు. అది జాతీయ గీతం కావడానికి ఇంకా 15 ఏళ్లుంది. వైస్రాయి రిబ్బను కత్తిరించిన బడి, ఈటన్ నుంచి వచ్చిన హెడ్‌మాస్టరు, పాట మాత్రం రవీంద్రుడిది.

ఆ పాట బడి పాట కావడం అదే మొదటిసారి కాదు. మన మదనపల్లె ఈ వరుసలో డూన్ కంటే 16 ఏళ్లు ముందుంది. అనిబిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో వచ్చిన రవీంద్రుడు అక్కడ ఈ పాట పాడారు, ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసుకున్నారు. కళాశాల దాన్ని తన ప్రార్థనా గీతం చేసుకుంది. అప్పటికి ఆ కళాశాల వయసు నాలుగేళ్లు. నాలుగేళ్ల సంస్థకు కూడా సంప్రదాయం ఎలా అబ్బుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. వచ్చిన అతిథి పాడిన పాట బాగుంది, మర్నాడు మళ్లీ పాడుకున్నారు. అంతే.

హౌసుల విషయంలో డూన్ చేసిన మార్పు చిన్నదే, కానీ అసలు మలుపు అక్కడుంది. ఇళ్లకు ప్రధాన దాతల పేర్లు పెట్టారు: హైదరాబాద్, కాశ్మీర్, జైపూర్, టాటా. మూడు సంస్థానాలు, ఒక వ్యాపార కుటుంబం. అంటే మన నిజాము ఇచ్చిన విరాళం గుర్తుగా హిమాలయాల కింద ఇప్పటికీ ఒక హైదరాబాద్ హౌస్ ఉంది. మేయోలో పేరుకూ పిల్లవాడికీ రక్త సంబంధం ఉంటే, డూన్‌లో ఆ ముడి తెంచేశారు. పంజాబు వకీలు కొడుకు హైదరాబాద్ హౌస్‌లో, తమిళ ఉద్యోగి కొడుకు కాశ్మీర్ హౌస్‌లో. పేరు సంస్థానానిది, మంచం ఎవరిదైనా కావచ్చు. అచ్చు పాతదే అయినా అందులో పోసింది వేరు అని దాస్ అనుకున్నది ఇక్కడ కంటికి కనిపిస్తుంది. 1991లో అయిదో ఇల్లు చేరింది, ఒబెరాయ్ హౌస్. అదీ దాత పేరే.

ఇంగ్లండులో టర్ము మధ్యలో నాలుగు రోజుల సెలవిస్తే పిల్లలు ఇళ్లకు వెళ్లివస్తారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు పిల్లలు నాటి రైళ్లలో నాలుగు రోజుల్లో వెళ్లి రాలేరు. మరి ఆ సెలవును ఏం చేయాలి? సమాధానం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కొండలు. మూట కట్టుకుని, వంటసామాను మోసుకుని కొండల్లోకి నడక. దీనికే మిడ్‌టర్మ్ అని పేరు. మాస్టర్లలో ఆర్. ఎల్. హోల్డ్స్‌వర్త్ 1931లో కామెట్ శిఖరం ఎక్కిన జట్టులో ఉన్నవాడు. జాక్ గిబ్సన్ ప్రతి వేసవీ మంచులోనే గడిపేవాడు. ఇలాంటివాళ్లు ఉన్నచోట సెలవు కాలక్షేపం మెల్లగా విద్యగా మారింది. అక్కడ భూగోళం చెప్పిన గుర్‌దయాళ్ సింగ్ 1951లో త్రిశూల్ శిఖరానికి దండు నడిపించాడు. అదే బడి విద్యార్థి నందు జయాళ్ 1954లో డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు మొదటి ప్రిన్సిపాలు అయ్యాడు. ఆ మాస్టర్లతో కలిసి తిరిగిన టెన్సింగ్ బందర్‌పూంఛ్‌ను డూన్ స్కూల్ కొండ అని పిలిచేవాడు. రైలు టైంటేబులు కుదరక పుట్టిన ఏర్పాటు దేశపు పర్వతారోహణకు తొలి బాట వేసింది.

మాటల వలస మరో తమాషా. డూన్‌లో తెల్లవారుజామున ఇచ్చే టీని 'ఛోటా హాజ్రీ' అంటారు. దొరల బంగళాల్లో బట్లర్లు వాడిన మాట, దొరలు వెళ్లాక కూడా పిల్లల గంటలో మిగిలింది. సాయంత్రం చదువు గంటను 'టాయ్' అంటారు. బొమ్మలతో సంబంధం లేదు. వించెస్టర్‌లో ఒక్కో కుర్రాడికి కూర్చుని చదువుకోవడానికి చెక్క అర లాంటి బల్ల ఉంటుంది, దాన్ని అక్కడ టాయ్స్ అంటారు, అక్కడ కూర్చునే సమయం టాయ్‌టైమ్. మాట డూన్ దాకా వచ్చింది, బల్ల రాలేదు. 1936 నుంచి ప్రతి శనివారం పిల్లలే తెచ్చే ఒక వారపత్రిక ఉంది. రోజ్ బౌల్ అని ఆరుబయట ఒక రంగస్థలం ఉంది, తొలినాళ్లలో పిల్లలూ మాస్టర్లూ కలిసి కట్టుకున్నది.

గంట వినిపించకూడదని

ఇంతవరకు చెప్పింది చదివితే డూన్‌కు హారతి పడుతున్నానని అనుకోవచ్చు. కాదు. మీరు దొరల వర్గంగానే బయటికి వెళ్తారు, కానీ హోదా, డబ్బు, పదవి చూసుకునే దొరతనం కాదు, సేవ చేసే దొరతనం కావాలి అని ఫుట్ చెప్పిన మాటను ఆ బడి ఎంతో గర్వంగా తలచుకుంటుంది. నాకు ఆ వాక్యంలో మొదటి సగమే ఎక్కువగా నిజమైనట్టు తోస్తుంది. రాజీవ్ గాంధీ ప్రధాని అయ్యాక ఆయన డూన్ స్కూల్ స్నేహితులు ఢిల్లీలో ఎంత దగ్గరగా మసిలారో పత్రికలు వెక్కిరింపుగా రాసిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు అక్కడ ఏడాది ఫీజు 10 లక్షల రూపాయలు దాటింది. కులం అడగకుండా పక్కపక్కన కూర్చోబెట్టారు, నిజమే. ఆ బల్ల దాకా రాగలిగినవాళ్లెవరన్న ప్రశ్న మాత్రం పక్కకు జరిగింది. ఆడపిల్లలకు ఆ తలుపు నేటికీ తెరుచుకోలేదు.

ఇంకొకటి, ఆర్నల్డ్ ఉపాయపు రెండో ముఖం. రచయిత విక్రమ్ సేఠ్ ఆ బడిలో ఆరేళ్లు చదివాడు, వారపత్రికకు సంపాదకత్వం వహించాడు. 1992లో ఫౌండర్స్ డేకి ముఖ్య అతిథిగా పిలిస్తే వెళ్లి, పొగడ్తకు బదులు తన ఒంటరితనం గురించి మాట్లాడాడు. తోటివాళ్లు, పెద్ద తరగతివాళ్లు ఏడిపించేవారని, రాత్రి దీపాలు ఆర్పాక మర్నాటి ఛోటా హాజ్రీ గంట వినడానికి లేవకుండా పోతే బాగుండునని అనుకున్న రోజులున్నాయని చెప్పాడు. పిల్లల చేతికి పిల్లల మీద అధికారం ఇస్తే మాస్టర్ల కొరత తీరుతుంది. ఆ అధికారం రాత్రిపూట తలుపులు మూశాక ఏం చేస్తుందో చూడటానికి అక్కడ మాస్టరు ఉండడు. మా ఊరి బడిలో హౌస్ కెప్టెన్ వల్ల ఇలాంటి ప్రమాదం లేకపోవడానికి కారణం ఒక్కటే, సాయంత్రం నాలుగింటికి అందరూ బస్సెక్కి ఇళ్లకు పోతారు. పదవిలో ప్రాణం లేదు కనుక విషమూ లేదు.

పొద్దు గుంకే వేళ

ఇంగ్లండు పెట్టె ముట్టుకోకుండా సంప్రదాయం పుట్టదా అంటే పుడుతుంది, అదీ మన ముంగిట్లోనే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో ఆ చుట్టుపక్కల తిరిగి, కొండల నడుమ ఒక పెద్ద మర్రి ఉన్న లోయను బడి కోసం ఎంచుకున్నాడు. మద్రాసు గిండీలో నడుస్తున్న జాతీయ పాఠశాల 1930ల మొదట్లో అక్కడికి తరలింది. అదే రిషీ వ్యాలీ. పోలిక, పోటీ పిల్లవాడి మనసును చెడగొడతాయన్నది కృష్ణమూర్తి పట్టుదల. కనుక అక్కడ రంగుల జట్లు, ర్యాంకులు, కప్పుల వేట ఉండవు. మరి వందల మంది పిల్లలను కలిపి ఉంచేది ఏది?

ఇక్కడికి ఎఫ్. జి. పియర్స్ అనే ఇంగ్లీషాయన వస్తాడు. ఆయన 1930లలో గ్వాలియర్ కోట మీద ఉన్న సింధియా స్కూల్‌కు ప్రిన్సిపాలు. అదీ సర్దార్ల కొడుకుల కోసం 1897లో పుట్టి, 1933లో పబ్లిక్ స్కూలుగా మారిన బడే. కోట అంచున కూర్చుంటే పడమట పొద్దు దిగడం కనిపిస్తుంది. పియర్స్ రోజూ సాయంత్రం పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, మాట్లాడకుండా కాసేపు కూర్చోమన్నాడు. దానికి అస్తాచలం అని పేరు. ప్రార్థన లేదు, ఉపన్యాసం లేదు, ఏ మతంవాడికీ అభ్యంతరం లేదు. 1950లలో ఆయన రిషీ వ్యాలీకి ప్రిన్సిపాలుగా వచ్చాడు. అస్తాచలం ఇక్కడా ఉంది: పిల్లలు కొండకు ఎదురుగా రాళ్ల మీద కూర్చుంటారు, పొద్దు గుంకేదాకా ఎవరూ నోరెత్తరు. రోజంతా గంటల మీద నడిచే హాస్టలు బతుకులో పిల్లవాడు ఒక్కడే తనతో తాను ఉండే చోటు ఇదొక్కటే. గ్వాలియర్‌లో ఉన్న ఆ అవసరమే మదనపల్లెలోనూ ఉంది, కనుక ఉపాయం ప్రయాణం చేసినా ప్రాణంతో వచ్చింది. నాలుగంతస్తుల అద్దె మేడలో దీన్ని పెట్టాలంటే ముందు పడమటి వైపు గోడలో కిటికీ కొట్టించాలి.

ఎవరూ పెట్టకుండా వచ్చేవి కూడా ఉన్నాయి. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాల 1962లో మొదలైంది. ప్రైవేటు కాదు, రక్షణ శాఖ కిందిది, కానీ వయసు చిన్నదే. ఆ బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985 ఎవరెస్టు యాత్రలో ప్రాణం పోగొట్టుకున్నాడు. బడి ఆవరణలో ఆయన విగ్రహం పెట్టారు. ఆ ఏడాదే నెల్లూరు జిల్లా పల్లె నుంచి ఒక పేద రైతు కుటుంబపు పిల్లవాడు అక్కడ చేరాడు. రోజూ ఆ విగ్రహం మీదుగా నడిచివెళ్లిన ఆ పిల్లవాడే మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాల్లో తనూ మంచులోనే ఉండిపోయాడు. తనకు కొండల మీద మనసు పడటానికి ఆ విగ్రహమే కారణమని ఆయనే చెప్పుకున్నాడు. ఏ కమిటీ తీర్మానించి ఉంటుంది ఇటువంటిదాన్ని?

మొన్న జూన్‌లో మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను. ఈసారి నీలం రంగువి ముందువరసలోనే వేలాడుతున్నాయి. వాటి పక్కన కొత్తగా నారింజ రంగు. "ఆ బడిలో సెక్షన్లు పెరిగాయట సార్, అయిదో హౌస్ పెట్టారు" అన్నాడు దుకాణం ఆయన. ఇంటికి వచ్చి చూస్తే నిజమే, వరుస సంఖ్యను ఇప్పుడు అయిదుతో భాగిస్తున్నారు, మా పిల్ల ఆరెంజ్ హౌస్‌లో తేలింది. ఏడవలేదు, అడగలేదు, కొత్త టీషర్టు అని సంబరపడింది. నీలం టీషర్టు ఇంకా రంగు వెలవలేదు. దాని తమ్ముడు వచ్చే ఏడాది బడిలో చేరతాడు. వాడి లెక్కలో శేషం సరిగ్గా వస్తే వాడికి పనికొస్తుందని వదిన మడిచి బీరువాలో పెట్టింది.